వేదికెక్కిన ఊరు

పాతరేవు పట్టణంలో తాతాజీ పాట రాని మనిషి లేడు. కాకపోతే పల్లవి వరకే. చరణాలు తాతాజీకి తప్ప మరో ప్రాణికి తెలియవు.

ఇందులో ఊరివాళ్ల తప్పేమీ లేదు. తాతాజీ పగలు మార్కెట్ వీధిలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాడు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి మళ్లీ ప్రాణం పోస్తాడు. సాయంత్రమైతే గిటారు తీస్తాడు. చర్చి కోయిర్‌వాళ్లు కొత్తది కొనుక్కుని ఇతనికి వదిలేసిన పాత గిటారు అది. పక్కన సన్నటి పగులుంటే దానికి వైండింగ్ టేపు అంటించాడు. దాని మీద సొంతంగా పాటలు కడతాడు. రేవు దాటించే పంటు మీద ఒకటి, కరెంటు పోయిన వీధి మీద ఒకటి, ఆదివారం చేపల బజారు మీద ఒకటి. ఊళ్లో ఏ సభ జరిగినా అతన్ని పిలుస్తారు. డబ్బులడగడు. మైకు గుర్రుమంటే తనే స్క్రూడ్రైవరు తీసి బాగు చేసుకుంటాడు. అలాంటి కళాకారుణ్ణి ఎవరు మాత్రం వదులుకుంటారు.

అయితే పాతరేవులో సభకి ఒక పద్ధతుంది. ముందు ప్రార్థన, ఆ తర్వాత జ్యోతి వెలిగించడం, ఆ తర్వాత పెద్దల్ని ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలవడం, శాలువాలు, ఉపన్యాసాలు. మాట్లాడే ప్రతి ఒక్కరూ అసలు విషయానికొచ్చే ముందు వేదిక మీదున్న వాళ్లందరినీ పేరూ పదవీ కలిపి స్మరించుకుంటారు. మధ్యలో ఒకరిని మర్చిపోతే మళ్లీ మొదటినుంచి స్మరించుకుంటారు. ఇదంతా అయ్యాక, టిఫిన్ పొట్లాలు వచ్చాయన్న కబురు వెనక వరసల్లో పాకే వేళకి, తాతాజీ వంతు వస్తుంది. పల్లవి ఎత్తుకుంటాడు. పల్లవి రెండోసారి పాడుతుండగా వేదిక మీంచి ఒక చీటీ దిగుతుంది. దాని మీద 'సమయాభావం' అని ఉంటుంది. తాతాజీ దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటాడు.

మొదట్లో అతను చాలా బాధపడేవాడు. తర్వాత తెలివి తెచ్చుకుని పల్లవులే పొడుగ్గా రాయడం మొదలెట్టాడు. చీటీలు ఇంకాస్త ముందుగా రావడం మొదలెట్టాయి.

అందుకే పోస్టాఫీసు వీధిలో 'డికాక్షన్' అనే కాఫీ షాపు పెట్టిన సుగుణ ఒక సాయంత్రం కబురు పెట్టినప్పుడు అతను ఆశలేమీ పెట్టుకోకుండానే వెళ్లాడు.

"మన మున్సిపల్ స్కూల్లో చిన్న తరగతులోళ్లు ఇంకా నేలమీదే కూర్చుంటన్నారు తాతాజీ," అంది సుగుణ, గ్లాసు అతని ముందు పెడుతూ. "వానాకాలం వచ్చిందంటే గచ్చంతా చెమ్మెక్కిపోద్ది. ఆళ్లకి బెంచీలు చేయిద్దామని శనివారం సాయంత్రం ఓ కార్యక్రమం పెడతన్నాను. టిక్కెట్టు కొన్నోళ్లకి కాఫీ నేనిస్తాను. పాట నువ్వియ్యాలి."

"పల్లవా అక్కా?"

"పల్లవేంటి? ఎన్ని చరణాలుంటే అన్నీ పాడు. నా షాపులో చీటీలు రాసేవోడెవడూ లేడు."

అతని దగ్గర సరిగ్గా దీనికోసమే పుట్టినట్టు ఒక పాట ఉంది. బెంచీ పాట. అతను చదివింది కూడా ఆ మున్సిపల్ స్కూల్లోనే. ఆ పాటకి మూడు చరణాలున్నాయి. మూడోది తను జన్మలో రాసినవాటిలోకెల్లా మంచిదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో చెప్పగలిగినవాడు లోకంలో లేడు, ఎందుకంటే దాన్ని ఎవరూ వినలేదు. ఆ ఒక్క చరణం నలుగురి ముందు పాడగలిగితే చాలు, తర్వాత గిటారు గోడకి తగిలించేసినా ఫర్వాలేదనుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. అయినా అంత రుచిగా అతనెప్పుడూ తాగలేదు.

కానీ పాతరేవులో అప్పటికే పౌర గౌరవ పరిరక్షణ తీర్మానం అమల్లో ఉంది.

దాని కథ చిన్నదే. కిందటేడు ఆటల పోటీల బహుమతి ప్రదానంలో మాజీ కౌన్సిలర్ దొరబాబు గారిని వేదిక మీద కాకుండా కింద ముందు వరసలో, సోఫాలో కూర్చోబెట్టారు. మెత్తటి సోఫానే. అయినా కింద. ఆయన ఇంటికెళ్లి మంచమెక్కారు. డాక్టరు వచ్చి నాడి చూసి, బీపీ చూసి, ఒంట్లో ఏమీ లేదు, ఉన్నదంతా మనసులోనే అన్నాడు. ఊరు కదిలిపోయింది. పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమై, ఇకమీదట పట్టణంలో జరిగే ఏ సభలోనైనా పదవిలో ఉన్నవారిని, పదవి దిగినవారిని, పదవి రాగలవారిని వేదిక మీదనే కూర్చోబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. పదవి రాగలవారు అన్న మాట ఎందుకొచ్చిందంటే, తీర్మానం చేసినవాళ్లలో చాలామందికి మేనల్లుళ్లున్నారు.

ఈ తీర్మానాన్ని అమలు చేయడానికి ప్రోటోకాల్ పర్యవేక్షకులుగా భీమశంకరం గారిని వేశారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ మడతలో ఉండే మనిషి. ఆఫీసు కాగితాల్లో రాసే భాషనే ఆయన నోటితో కూడా మాట్లాడతారు. ఇంట్లో కూర బాగోలేకపోతే 'సదరు వంకాయ విషయమై అసంతృప్తి వ్యక్తం చేయడమైనది' అంటారని ఊళ్లో చెప్పుకుంటారు.

కాఫీ షాపు గోడకి పోస్టరు అంటించిన మర్నాడే ఆయన టేపు పట్టుకుని వచ్చారు. తాతాజీ అప్పుడు అక్కడే స్పీకరు వైర్లు సరిచేసుకుంటున్నాడు.

"శనివారపు కార్యక్రమమునకు వేదిక ఎచ్చట ఏర్పాటు చేయబడినది?" అన్నారు భీమశంకరం గారు.

"వేదికంటూ ఏం లేదండి," అంది సుగుణ. "ఆ మూల స్టూలు మీద కూర్చుని పాడేస్తాడండి."

ఆయన వెళ్లి స్టూలును నాలుగు వైపుల నుంచీ చూశారు. "స్టూలు అనునది వేదిక నిర్వచనములోకి రాదు. మరి విచ్చేయు పెద్దలు ఎచ్చట ఆసీనులు కాగలరు?"

"కుర్చీలున్నాయి కదండి. అందరితోపాటు కూర్చుని కాఫీ తాగుతా వింటారు."

"అనగా, సామాన్య ప్రజానీకంతో సమానముగా."

"అందరికీ ఒకటే కాఫీ కదండి."

"ఈ వ్యాఖ్యను విననట్లుగా భావించడమైనది," అన్నారు భీమశంకరం గారు, టేపు గోడకి ఆనిస్తూ.

తాతాజీ వైర్లు వదిలి లేచాడు. "అయ్యా, మీ వేదిక మీరు కట్టుకోండి. నా పాట మటుకు ఆఖరిదాకా పాడుకోనిత్తారాండి?"

"కళాకారులకు తగు సమయము కేటాయించబడును."

తాతాజీ మళ్లీ వైర్ల దగ్గర కూర్చున్నాడు. తగు సమయం అంటే ఎంతో అతనికి తెలుసు. పల్లవి, ఇంకో పల్లవి.

పాతరేవులో వేదిక అంటే కొత్తగా కట్టేదేమీ కాదు. మున్సిపల్ స్కూలు పెద్ద తరగతుల్లో పాతకాలం టేకు బెంచీలున్నాయి, వెడల్పాటివి. వాటిని పక్కపక్కన చేర్చి, కాళ్లు తాళ్లతో బిగించి, పైన ఆకుపచ్చ తివాచీ పరిస్తే అదే వేదిక. ఊళ్లో ఏ మహానుభావుడు ఎంత గొప్పగా మాట్లాడినా ఆ బెంచీల మీద నిలబడే మాట్లాడాడు. బెంచీలు లేని పిల్లలకు బెంచీల కోసం జరిగే సభకి, ఆ స్కూలుకున్న బెంచీల్నే మోసుకు రావలసి రావడం ఎవరికీ వింతగా అనిపించలేదు. శనివారం మధ్యాహ్నం స్కూలు విడిచాక హెడ్మాష్టారు తాళం తీసిచ్చారు. ఒక బెంచీకి అటు కొస సుగుణ, ఇటు కొస తాతాజీ. మోస్తున్నంతసేపూ తాతాజీ పెదాలు మూడో చరణాన్ని చప్పుడు లేకుండా పాడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి షాపు చూడముచ్చటగా తయారైంది. ఒక మూల చిన్న వేదిక, దాని మీద కుర్చీలు, పక్కన తాతాజీ స్టూలు, మిగతా చోటంతా బల్లలూ కుర్చీలూ. టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. జనం కాఫీ గ్లాసులు పట్టుకుని కబుర్లాడుకుంటుంటే, ఇది తను ఎప్పుడూ చూడని రకం సభ అనిపించింది తాతాజీకి. వాళ్ల మొహాల్లో విందామన్న కోరిక ఉంది. టిఫిన్ కోసం ఎదురుచూపు లేదు.

చైర్‌పర్సన్ అనసూయమ్మ గారు వచ్చి, చెప్పులు విడిచి వేదిక ఎక్కారు. ఆవిడ వెనకాలే చైర్‌పర్సన్ గారి భర్త గారు ఎక్కారు. పాతరేవులో అదీ ఒక పదవే. తర్వాత దొరబాబు గారు. అంతటితో వేదిక నిండింది.

అప్పుడు భీమశంకరం గారు జనంలోకి దిగారు. కిటికీ దగ్గర ఊదుకుంటూ కాఫీ తాగుతున్న ముసలాయన్ని ఆపాదమస్తకం చూశారు.

"తమరు పూర్వము ఏదైనా హోదాలో ఉన్నారా?"

"నాకేం హోదా అండి. రిక్షాలు తొక్కేవోణ్ణండి. రిక్షా సంఘానికి ఓ రెండేళ్లు కోశాధికారిగా చేసేనండి. కోశంలో ఏం ఉండేది కాదనుకోండి."

భీమశంకరం గారి మొహం పాలిపోయింది. ఒక మాజీ కోశాధికారి కింద కూర్చుని ఉన్నాడు. తీర్మానం ఆయన కళ్లెదుటే ఉల్లంఘన అవుతోంది. "తక్షణమే బెంచీ," అన్నారాయన.

బెంచీ వచ్చింది. వేదిక ఒక బెంచీ మేర ముందుకు జరిగింది, పెద్దల కుర్చీలు కూడా దానితోపాటు ముందుకొచ్చాయి. తాతాజీ స్టూలు ఒక బెంచీ మేర వెనక్కి జరిగింది. కోశాధికారి గారు గ్లాసుతో సహా ఎక్కారు.

ఇక ఆగలేదు. పక్క బల్ల దగ్గరున్నాయన కాలనీ సంక్షేమ సంఘం ఉపాధ్యక్షుడు. ఆయనతో వచ్చినాయన అదే కాలనీలో దానికి పోటీగా పెట్టిన సంఘానికి అధ్యక్షుడు. ఇద్దరినీ ఎక్కించారు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీతో. పూల కొట్టామె డ్వాక్రా గ్రూపు లీడరు. టీచరమ్మ మొన్నటిదాకా ఓటర్ల జాబితా చూసిన బీఎల్ఓ. ఒకాయన తనకు ఏ పదవీ లేదని ఎంత మొత్తుకున్నా, పెళ్లిళ్లలో వడ్డన దగ్గర అందరూ అతని మాటే వింటారని పక్కవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఆయన్ని 'వాస్తవాధీన ప్రముఖులు' అని ప్రకటించి ఎక్కించారు. నిజం చెప్పాలంటే మన ఊళ్లలో ఏ పదవీ లేని మనిషి కోసం వెతకడం ఎండాకాలం కొబ్బరిబొండాం కొట్టు దగ్గర నీడ కోసం వెతకడంలాంటిది. ఉంటుంది గానీ అప్పటికే ఎవరో అందులో నిలబడి ఉంటారు.

మూల బల్ల దగ్గర ఒక జంట ఎవరికీ కనపడకుండా ఉందామని చూసింది. కుర్రాడు సెల్‌ఫోన్ రిపేరు దుకాణదారుల సంఘం సంయుక్త కార్యదర్శి అని ఇట్టే తేలిపోయింది. అమ్మాయి వైపు తిరిగారు భీమశంకరం గారు.

"తమరు కార్యదర్శి గారి సతీమణి?"

"ఇంకా కాదండి," అందా అమ్మాయి, గ్లాసులోకి చూస్తూ.

"భావి," అని ప్రకటించారాయన. కార్యదర్శి మొహం వెలిగిపోయింది. అప్పటిదాకా 'ఇంకా' అన్న ఆ మాట అమ్మాయి నోటినుంచి అతనూ విన్నట్టు లేదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వేదిక ఎక్కారు.

బెంచీలు వస్తూనే ఉన్నాయి. అడ్డొచ్చిన బల్లల్ని ఒక్కొక్కటిగా రోడ్డు మీద పెట్టేశారు. వేదిక ఈ గోడ నుంచి ఆ గోడకి తగిలింది. కౌంటరు దాకా వచ్చి ఆగింది. సుగుణని కూడా ఎక్కమన్నారు.

"నేనెక్కితే కాఫీ ఎవరు కలుపుతారండీ?" అంది సుగుణ.

భీమశంకరం గారు కాఫీని అత్యవసర సేవగా పరిగణించి ఆవిణ్ణి మినహాయించారు.

తాతాజీ స్టూలు జరిగి జరిగి గుమ్మం దగ్గర, అందరూ చెప్పులు విడిచిన చోట ఆగింది. ఇంకా వెనక్కి వెళ్తే రోడ్డు. ఊళ్లోని చెప్పులన్నిటి మధ్యా గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తన కోసం టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు ప్రముఖులైపోతుంటే చూస్తున్నాడు. ఒకటే ఆలోచన. వీళ్లందరూ ఉపన్యాసాలిస్తే, ఒక్కొక్కరూ అందర్నీ స్మరించుకుంటే, తన పాట వచ్చే సోమవారానికి కూడా రాదు. మూడో చరణం మళ్లీ కడుపులోనే ఉండిపోతుంది. అతనికి ఏడుపొచ్చింది. గిటారు మీద టేపు ఊడిన చోట గోటితో నొక్కుతూ ఆపుకున్నాడు.

ఆఖరికి భీమశంకరం గారు చుట్టూ చూశారు. కౌంటరు వెనక సుగుణ కాక, కింద మిగిలింది తనూ, తాతాజీ. వేదిక మీంచి దొరబాబు గారు అడిగారు.

"ఏవండీ భీమశంకరం గారూ, ప్రోటోకాల్ పర్యవేక్షకులన్నది పదవి కాదాండి?"

అవును. పదవే. భీమశంకరం గారు చెప్పులు విడిచి, తువ్వాలుతో పాదాలు తుడుచుకుని, వెనక గోడ దగ్గర మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో ఇరుక్కున్నారు. అక్కడినుంచే గొంతెత్తి చెప్పారు.

"వేదికకు ఎదుట సభికులు లేనిచో సభ చెల్లదు. కావున కళాకారులు శ్రీ తాతాజీ గారిని సభికులుగా గుర్తించడమైనది."

"అంతమందినీ నేనేనాండి?" అన్నాడు తాతాజీ.

"తాత్కాలికముగా."

ఇక సభ మొదలు కావాలి. తీర్మానం ప్రకారం చిన్న హోదావారు ముందు మాట్లాడాలి, పెద్ద హోదావారు చివర. మొదట మాట్లాడవలసినవారు మైకు అందుకోవలసిందిగా భీమశంకరం గారు కోరారు.

ఎవరూ కదల్లేదు.

ముందు మైకు అందుకున్నవాళ్లు అందరికంటే చిన్నవాళ్లని ఒప్పుకున్నట్టు. ఉపాధ్యక్షుడు కోశాధికారి వైపు చూశారు. కోశాధికారి వడ్డన ప్రముఖుల వైపు చూశారు. ఆయన పోటీ అధ్యక్షుడి వైపు చూశారు. పోటీ అధ్యక్షుడు ఫ్యాను వైపు చూశారు. మైకు చేతులు మారుతూ వేదికంతా తిరిగి, ఎవరి నోటి దగ్గరా ఆగకుండా, చివరికి కౌంటరు వెనకున్న సుగుణ దగ్గరికి వచ్చింది. పాతరేవు చరిత్రలో ఒక సభలో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎన్నడూ లేదు. కౌంటరు మీద ఫిల్టరులోంచి డికాక్షన్ ఒక్కో చుక్కా దిగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

సుగుణ మైకు తీసుకొచ్చి తాతాజీ ముందు పెట్టింది. "నీకేం హోదా లేదు కదా. నువ్వు మొదలెట్టు," అంది.

తాతాజీ అప్పుడు తలెత్తి చూశాడు. ఊరంతా కుర్చీల్లో కూర్చుని ఉంది. అందరి మొహాలూ తన వైపే ఉన్నాయి. లేచి వెళ్లడానికి దారి లేదు. మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇంత మంచి సభ మళ్లీ జన్మలో దొరకదని అతనికి అర్థమైంది. తీగలు ఒకసారి సరిచూసుకుని ఎత్తుకున్నాడు.

*బెంచీ బెంచీ టేకు బెంచీ*
*మూడో వరస కిటికీ బెంచీ*
*వాన జల్లుకు నేను తడిస్తే*
*వాచకాన్ని దాచిన బెంచీ*

పల్లవి అందరికీ వచ్చిందే. పెదాలు కదిపారు. రెండోసారి పల్లవి వచ్చేసరికి భీమశంకరం గారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి వెళ్లింది. చీటీ రాసుకునే ఉంది.

కానీ ఆయన ఉన్నది వెనక గోడ దగ్గర. పెద్దలు కూర్చుని ఉండగా లేవడం తీర్మానానికి విరుద్ధం. చీటీని పక్కవారికి ఇవ్వాలి, వారు వారి పైవారికి, అలా సరైన మార్గంలో చైర్‌పర్సన్ గారి దాకా వెళ్లి, ఆవిడ ఆమోదించాకే కళాకారుడికి దిగాలి. చీటీ బయల్దేరింది. ప్రతివారూ చదివి 'చూడటమైనది' అని సంతకం పెడుతున్నారు. పెన్ను ఒక్కటే ఉంది. అది చీటీకంటే నెమ్మదిగా నడుస్తోంది.

తాతాజీ మొదటి చరణంలోకి అడుగు పెట్టాడు. మనుషుల ముందు అతను పాడిన మొట్టమొదటి చరణం అదే.

*లెక్కల గంటలో కునుకు పడితే*
*చెక్క నా చెంపకు గీతలు పెట్టె*

ఎక్కడో వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. సంతకం పెడుతున్న ఉపాధ్యక్షుడు చెంప తడుముకున్నారు. చీటీ ఆయన ఒళ్లో ఆగి, పక్కాయన గిల్లితే కదిలింది.

*ముగ్గురి చోట అయిదుగురం*
*మోచేతులతో చుట్టాలం*

ఇది రెండో చరణం. ఈసారి పోటీ అధ్యక్షుడు నవ్వారు. ఆ నవ్వుతోనే మధ్యలో ఖాళీగా ఉంచిన కుర్చీ మీదుగా ఉపాధ్యక్షుడి వైపు చూశారు. ఉపాధ్యక్షుడు కూడా చూశారు. చీటీ ముందు వరసకి చేరింది. దొరబాబు గారు సంతకం పెట్టి చైర్‌పర్సన్ గారి భర్త గారికి ఇచ్చారు. ఆయన పెట్టి భార్య చేతికిచ్చారు. అనసూయమ్మ గారు పెన్ను అందుకున్నారు. తాతాజీకి ఆవిడ చేతిలోని పెన్ను కనపడుతూనే ఉంది. కళ్లు మూసేసుకున్నాడు. మూసుకునే మూడో చరణం ఎత్తాడు.

*పెద్దవాళ్లయ్యారు, కుర్చీలు మారె*
*పేరుకు ముందర బిరుదులు చేరె*
*ఒక్కసారి వంగి చూడండి*
*కంపాసు ముల్లుతో చెక్కిన పేరు*
*శ్రీ అని లేదు, గారని లేదు*
*ఒట్టి పేరే ఉంది మీది*
*కూర్చున్న చోటు కిందే ఉంది*

పల్లవి మళ్లీ అందుకుని ముగించాడు. కళ్లు తెరవడానికి భయమేసింది. చప్పట్లు లేవు. ఏమీ లేదు. మెల్లిగా ఒక కన్ను తెరిచాడు.

అనసూయమ్మ గారు పెన్ను పక్కన పెట్టేశారు. చీటీ ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలీదు. తివాచీ వైపు చూస్తున్నారు.

"ఇయ్యి మన స్కూలు బెంచీలేనా?" అన్నారు మెల్లిగా.

"మనయ్యేనండి," అన్నాడు తాతాజీ.

ఆవిడ కుర్చీలోంచి లేచి, కొంగు బిగించి, వేదిక దిగి, నేల మీద మోకాళ్ల మీద కూర్చుని తివాచీ అంచు ఎత్తారు. చైర్‌పర్సన్ గారు నేల మీద ఉండగా మిగతావారు ఆవిడకంటే ఎత్తున కూర్చోవడం తీర్మానానికి పూర్తి విరుద్ధం. భీమశంకరం గారు చెప్పకముందే ఊరంతా దిగిపోయింది. కుర్చీలు రోడ్డు మీదికి వెళ్లాయి, తివాచీ చుట్టేశారు. తర్వాత ఆ షాపులో జరిగింది తాతాజీ ముసలితనం దాకా చెప్పుకుంటాడు. పాతరేవు పెద్దలందరూ మోకాళ్ల మీద పాకుతూ, సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని, బెంచీల మీద తమ పేర్లు వెతుక్కున్నారు.

"అనసూయ, ఎనిమిది బి," అని చదివి చైర్‌పర్సన్ గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. కోశాధికారి తన పేరు తడిమి చూసుకుని, ఏడో తరగతిలోనే మానేసినా ఇదొక్కటి మిగిలిందన్నారు. దొరబాబు గారికి తన పేరు దొరికింది గానీ, దాని కింద ఎవరో 'పకోడీ' అని చెక్కి ఉంది.

"ఇది ఎవడు చెక్కేడ్రా?" అన్నారాయన.

"నేనేరా," అన్నారు చైర్‌పర్సన్ గారి భర్త గారు. ఇద్దరూ ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. సోఫాలో కూర్చోబెట్టినందుకు మంచమెక్కిన మనిషి, పకోడీ అన్నందుకు నేల మీద కూర్చుని నవ్వుతున్నారు.

వెనక గోడ దగ్గర ఒక బెంచీని భీమశంకరం గారు ఇస్త్రీ తువ్వాలుతో తుడుస్తున్నారు. తాతాజీ వంగి చూశాడు. 'భీముడు' అని వంకర అక్షరాల్లో ఉంది.

"ఇది నాదేరా," అన్నారాయన. ఆ గొంతు తాతాజీ ఎప్పుడూ వినలేదు. "మా నాన్న కొత్త కంపాస్ బాక్స్ కొనిచ్చిన రోజు చెక్కేను. మాష్టారు తొడపాశం పెట్టేరు." తర్వాత తాతాజీ వైపు చూడకుండానే అన్నారు. "ఆ మూడో చరణం బాగుందిరా అబ్బాయ్. ఎప్పుడూ పాడలేదేం?"

"సమయాభావం అండి," అన్నాడు తాతాజీ.

కాఫీ షాపులో సభ డబ్బుతో చిన్న తరగతులకు బెంచీలు వచ్చాయి. అక్కడితో కథ అయిపోవలసింది గానీ, పాతరేవులో పురపాలక సంఘం కూడా ఉంది. అది వెంటనే సమావేశమైంది. పట్టణ పెద్దల నామధేయములు గల బెంచీలపై విద్యార్థులు కూర్చొనుట అగౌరవమని గుర్తించింది. కాబట్టి సదరు టేకు బెంచీలను కౌన్సిల్ హాలుకి తరలించింది. వాటికి చోటు కావాలి కనుక హాల్లోని మెత్తటి గుండ్రంగా తిరిగే కుర్చీలను స్కూలుకి పంపింది. ఇప్పుడు పదో తరగతి పిల్లలు పెద్దపెద్ద కుర్చీల్లో తిరుగుతూ చదువుకుంటున్నారు. వాళ్లని బోర్డు వైపు తిప్పడానికి లెక్కల మాష్టారికి సగం పీరియడు పడుతోంది. కౌన్సిల్ హాల్లో సభ్యులు ముగ్గురి చోట అయిదుగురు ఇరుక్కుని, మోకాళ్లు గడ్డాలకు తగులుతుండగా కూర్చుంటున్నారు. నడుము నొప్పి వల్ల తీర్మానాలు బాగా తగ్గాయి. ఊరు బాగుపడుతోందని అందరూ అనుకుంటున్నారు.

కౌన్సిల్ హాల్లో బెంచీల ఆవిష్కరణకి తాతాజీని పిలిచారు. ప్రార్థన, జ్యోతి, శాలువాలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. టిఫిన్ పొట్లాలు వచ్చాయన్న కబురు వెనక నుంచి పాకింది. భీమశంకరం గారు మైకు దగ్గరికొచ్చారు. ఇస్త్రీ మడత మళ్లీ నిలబడింది.

"సమయాభావము దృష్ట్యా కళాకారులు పల్లవి మాత్రము ఆలపించి సహకరించవలసినదిగా కోరడమైనది."

"అలాగేనండి," అన్నాడు తాతాజీ.

గిటారు ఎత్తి, మూడో చరణంతో మొదలుపెట్టాడు. తర్వాత రెండోది. తర్వాత మొదటిది. భీమశంకరం గారు చేతిలో చీటీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, పల్లవి అవగానే పంపుదామని. టిఫిన్ పొట్లాలు చల్లారుతున్నాయి. అందరికీ వచ్చిన ఆ పల్లవి కోసం సభంతా ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుండగా ఎదురు చూస్తూ కూర్చుంది. అది అన్నిటికంటే చివర్న వచ్చింది.